రెండక్షరాలు కొడితే చాలు

దారి తెలుసుకోవడమంత దండగమారి పని లోకంలో ఇంకోటి లేదు! పదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్నే అయినా ఈ మాట మాత్రం బల్ల గుద్ది చెప్తాను.

మా ఆయనది కంప్యూటర్ ఉద్యోగం. నల్లటి తెర తెరిచి టకటకా టైప్ చేస్తారు. ఫోల్డర్లో ఫోల్డర్, దాన్లో ఇంకో ఫోల్డర్... ఉల్లిపాయ వలిచినట్టు ఒక్కోటీ తెరుస్తూ ఎవరు వెళ్తారండీ? అందుకే ప్రతిదానికీ రెండక్షరాల షార్ట్‌కట్ రాసి పెట్టుకున్నారు. రెండక్షరాలు, ఒక ఎంటర్. ఏడు గుమ్మాలు దాటి లోపలి గదిలో తేలతారు! షార్ట్‌కట్లు రాసుకున్న ఫైలుకి కూడా ఒక షార్ట్‌కట్!

దీనివల్ల రోజుకి నిమిషం కలిసొస్తుందట. ఆ నిమిషం కోసం నాలుగు ఆదివారాలు కుర్చీలోంచి లేవలేదు. పొదుపంటే అదీ!

మొన్న మా పాపకి జ్వరం వచ్చింది. పాప తుమ్మితేనే నాకు గుండె జారుతుంది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "పోయినసారి ఏదో మందు పడక ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి కదా, ఆ చీటీ తీసుకురామ్మా. అది చూడకుండా ఏ మందూ ఇవ్వను" అంది. ఆ చీటీని మా ఆయన కంప్యూటర్లోకి ఎక్కించి, కాగితం చెత్తబుట్టలో పడేశారు. ఆఫీసుకి ఫోన్ చేశాను.

"లాప్‌టాప్ రిపేర్లో ఉంది. ఇంట్లో పాత కంప్యూటర్లో కాపీ ఉంది. నల్ల తెర తెరిచి పి, ఎమ్ కొట్టు."

కొట్టాను. అలాంటి కమాండ్ లేదు పొమ్మంది.

"అరె! షార్ట్‌కట్లన్నీ నా లాప్‌టాప్‌లోనే ఉండిపోయాయే."

"పోనీ ఏ ఫోల్డర్లో ఉందో చెప్పండి, నేనే వెతుక్కుంటా."



"నాకేం తెలుసే? నేనెప్పుడూ పి, ఎమ్మే కొడతా!"

చూశారా విజ్ఞానం! పాప భుజమ్మీద కాలిపోతోంది. ఒంటి చేత్తో ఒక్కో గుమ్మమూ తడుముకుంటూ వెళ్లాను. 'పాతవి'లో 'ఇంటివి', దాన్లో 'తర్వాత చూద్దాం'. అందులో, పాత ఫ్రిజ్ రసీదు కింద, మా పాప మందుల చీటీ! డాక్టరమ్మ వేరే మందు రాసింది, జ్వరం దిగింది. పడని మందు పేరు అట్టముక్క మీద రాసి మందుల డబ్బా మూతకి అంటించాను.

సాయంత్రం ఆయనొచ్చి, "ఏమోయ్!" అన్నారు. తువ్వాలు వచ్చింది. "ఏమోయ్!" ఛార్జర్ వచ్చింది. "ఏమోయ్! పాపకి మందు వేశావా?" అప్పుడు వెలిగింది నా బుర్ర. తువ్వాలు ఏ అరలో ఉంటుందో, పాపకి ఏ మందు పడదో ఆయనకెందుకు? ఈ ఇంట్లో ఆయన రాసుకున్న మొట్టమొదటి షార్ట్‌కట్‌ని నేనే కదా!

ఏమాటకామాటే, పాత కంప్యూటర్ మంచి గురువు. ఈ పొద్దున "ఏమోయ్, తువ్వాలు!" అని వినబడగానే వినయంగా బదులిచ్చాను.

"అలాంటి కమాండ్ లేదండీ."

ప్రస్తుతం ఆయన తడి కాళ్లతో ఒక్కో అరా తెరుస్తున్నారు. ఇంకో రెండు అరలు దాటితే మందుల డబ్బా దాకా వస్తారు.