జోగయ్య కొట్టిన వెండిరంగు

పదకొండింటికల్లా తనిఖీలో కారు పాసైతే మధ్యాహ్నం కల్యాణి రేసులో ఉంటుంది, లేకపోతే ఏడాది కష్టం గంగపాలు. పొద్దున్నే భన్‌పురి షెడ్డులో కారును లారీ ఎక్కిస్తూ ఆమె అనుకున్నది ఇదే. చేత్తో గేర్లు మార్చుకుంటూ పావు మైలు తిన్నగా దూసుకుపోయే కారు అది. క్లచ్ పగిలితే ముక్కలు కాళ్లకు తగలకుండా ఉక్కు కవచం, కింద తిరిగే షాఫ్టు విరిగితే నేలకు గుచ్చుకోకుండా ఇనుప కడియం, క్లచ్ తొక్కందే ఇంజను స్టార్టవకుండా స్విచ్చు, అన్నీ రూలు ప్రకారమే బిగించింది.

ఆమె తండ్రి జోగయ్య రాయపూర్ రైల్వేలో ముప్పై రెండేళ్లు బోగీలు పరీక్షించి రిటైరయ్యాడు. ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడంటే కంటికి కనిపించిన ప్రతిదానికీ రంగు కొట్టాలి, రైల్వేలో అదే పద్ధతి. కూతురికి చెప్పకుండా ముందురోజే కవచానికీ కడియానికీ క్లచ్ పెడల్‌కీ వెండిరంగు మూడు పూతలు వేసేశాడు.

రేసు మైదానంలో తనిఖీ చేసే ధనుంజయ్ భిలాయి తెలుగువాడే. కవచం మీద కంపెనీ పేరూ తేదీ ఉన్న లేబుల్ ఏదని అడిగాడు. జోగయ్య బ్లేడుతో రంగు గీకితే లేబులూ దాంతోపాటే పొట్టు రాలినట్టు రాలిపోయింది.

"లేబుల్ లేకపోతే పాస్ చెయ్యను అంకుల్" అన్నాడు ధనుంజయ్.

జోగయ్యకు ఒళ్లు మండిపోయింది. కాళ్లను కాపాడేది ఉక్కా, కాగితం ముక్కా? పోనీ స్విచ్చయినా చూడమని, కార్లో కూర్చుని క్లచ్ తొక్కకుండా తాళం తిప్పాడు. పెడల్ రంగు కారి స్విచ్చు అతుక్కుపోయిందని ఆయనకేం తెలుసు! గేర్లో ఉన్న కారు ఒక్క గెంతు గెంతి తనిఖీ బల్లనూ, టీ గ్లాసులనూ, దరఖాస్తులనూ కలిపి బోర్లా పడేసింది.

"దిగు నాన్నా. బస్, ఇంక చాలు" అంది కల్యాణి, ఏడుపు ఆపుకుంటూ.

దిగాడు గానీ ఊరుకోలేదు. సుత్తి పట్టుకుని, పాసైన కార్ల కిందికి దూరి, బోగీ చక్రాలను కొట్టి చూసినట్టు ఒక్కో కడియాన్నీ కొట్టి విన్నాడు. రెండింటి చప్పుడు బొంగురుగా వచ్చింది. చూస్తే పగుళ్లు.

"ఇదేటి బాబూ, ఇది పాసా? షాఫ్టిరిగితే ఈ కారు తోలే పిల్లోడి కాళ్లుంటాయా? లేబుల్ సూసి సంతకం పెట్టేయడమేనా? సిగ్గూ షరమ్ లేదా?"

రేసు నిర్వాహకుడి ముఖం పాలిపోయింది. ధనుంజయ్‌ని పక్కకు పంపించి, ఈ క్షణం నుంచి తనిఖీ అధికారి మీరేనంటూ జోగయ్య చేతిలో ఫారం పెట్టాడు. ఇంకేం కావాలి? ఫారం చదవకుండానే సంతకం గీకి, మొదట మా అమ్మాయి కారే చూస్తానన్నాడు జోగయ్య.

నిర్వాహకుడు వినయంగా ఫారం వెనక్కి తిప్పి చూపించాడు. తనిఖీ అధికారి ఇంటివాళ్లెవరూ ఆ ఏడాది రేసుల్లో పాల్గొనరాదు.

కల్యాణి ఇప్పుడు ఇంట్లో ఆయన్ని నాన్నా అనడం లేదు, సాబ్ అంటోంది.