అమెరికాలో ఆడిందా?

కళ ఏ దేశంలో పుట్టినా దానికి ప్రాణం పోసేది అమెరికా మాత్రమేనని పశ్చిమ సిడ్నీ తెలుగు కళా సమాఖ్య కార్యవర్గం మొన్న ఏప్రిల్‌లో ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఏకగ్రీవం అంటే అధ్యక్షులు కేశవరావు గారు చదివారు, మిగతావాళ్లం సమోసాలు తింటున్నాం.) అప్పటినుంచి మా దీపావళి వేడుకలో ప్రధాన వేదిక ఎక్కాలంటే ఆ అంశం ముందుగా అమెరికాలో ఆడి ఉండాలి. కూచిపూడికైనా, మిమిక్రీకైనా, చంటిపిల్లల ఫ్యాన్సీ డ్రెస్సుకైనా ఇదే నియమం. ఆస్ట్రేలియాలో ఉంటూ ఈ అమెరికా గొడవ మనకెందుకని అడిగే హక్కు సభ్యులకు ఉంది. ఆ హక్కును ఎలా వాడుకోవాలన్న దాని మీద ఒక ఉపసంఘం పనిచేస్తోంది.

నియమంలో తప్పేమీ లేదు. కొత్త సినిమా బాగుందో లేదో మనకు తెలియాలంటే డల్లాస్‌లో చూసినవాళ్లు చెప్పాలి కదా. (తెల్లారడం మాత్రం సిడ్నీలోనే ముందు. అయినా మేం ఆగుతాం.) సమాఖ్య నివేదికల కార్యదర్శిగా ఈ నియమాన్ని నా చేత్తోనే అందంగా రాశాను.

ఇంతలో ద్వారకానాథ్ గారు వచ్చారు. ఆయన మా సిడ్నీ శివారు ద పాండ్స్‌లో ఉంటారు, వంతెనల ఇంజినీరు. తొంభైల్లో కాంక్రీటు మీద పరిశోధన చేయడానికి మాంచెస్టర్ వెళ్లి, కాంక్రీటు గట్టిపడే లోపు గిటారు నేర్చుకున్నారు. ముగ్గురు తెల్ల కుర్రాళ్లతో కలిసి 'తడిసిన గొడుగులు' అనే బ్యాండులో వాయించారు. (అసలు పేరు ఇంగ్లీషులో ఉంది. సమాఖ్య భాషా విధానం ప్రకారం అనువదించాను.) ఆయనకు కావలసింది వేదిక మీద ఒకే ఒక్క పాట. దానికి కారణం కూడా చెప్పారు.

"మా అమ్మాయి లిఖిత ఫిబ్రవరిలో యూనివర్సిటీకి మెల్‌బోర్న్ వెళ్లిపోద్దండీ. దానికి ఒక్కసారి వినిపించాలి. ఇంట్లో గిటార్ తీస్తే హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంటది. స్టేజి మీదైతే తప్పించుకోలేదు."

ఎంపిక ఉపసంఘం కేశవరావు గారి గరాజ్‌లో, మడత కుర్చీల్లో కూర్చుని ఉంది. భావోద్వేగాలు ఉపసంఘం పరిధిలోకి రావు గనుక కేశవరావు గారు నేరుగా అసలు ప్రశ్న వేశారు.

"మీ బ్యాండు అమెరికాలో ఆడిందాండీ?"

"ఆడిందండీ. ఈస్ట్ కోస్ట్ నుంచి వెస్ట్ కోస్ట్ దాకా, సమ్మరంతా ఆడింది."

కోశాధికారి శేషుకుమారి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "సమ్మరంతానా! మొన్నొచ్చిన పెద్ద హీరో బొమ్మే అక్కడ రెండో వారానికి ఎత్తేశారు కదండీ!"

ఇక్కడ జరిగిందంతా ఒక క్రియాపదం నిర్వాకం. ద్వారకానాథ్ గారికి ఇన్నేళ్లుగా తెలుగు ఇంగ్లీషు మీదుగా వస్తోంది. అక్కడ బ్యాండ్లు ప్లే చేస్తాయి కాబట్టి ఇక్కడ ఆడతాయనుకున్నారు. మా వాళ్లకు మాత్రం ఆడిందీ అంటే హాళ్లు నిండాయని, గేట్లు విరిగాయని, బ్లాకులో టికెట్లు అమ్మారని అర్థం. ఆయన అబద్ధం చెప్పలేదు. మేం తప్పుగా వినలేదు. ఇద్దరం తెలుగులోనే మాట్లాడుకున్నాం, అదే చిక్కు.

మర్నాటికల్లా వాట్సాప్‌లో పోస్టరు తిరిగింది. 'అమెరికాను వేసవంతా ఊపేసిన గొడుగులు.' ముఖ్య అతిథి హోదా, ముగింపు అంశం, శాలువా. అది చూసి ద్వారకానాథ్ గారు పరుగున గరాజ్‌కు వచ్చారు.

"సార్, ఊపెయ్యలేదండీ. వెళ్లాం, వాయించాం, వచ్చేశాం. అంతే."

"మరి ఆడిందన్నారు?"

"ఆడిందండీ. కానీ ఆడలేదు."

ఇంత స్పష్టమైన వాంగ్మూలం వచ్చాక విచారణ సంఘం వేయక తప్పలేదు. వ్యాకరణ నిపుణురాలిగా ఆదివారం తెలుగు బడి టీచరు శాంతి గారిని పిలిచాం. ఆవిడ ఇరుపక్షాలనూ విని తీర్పు చెప్పారు. "బొమ్మ ఆడిందంటే హిట్టండీ. మనుషులు ఆడారంటే ఊరికే ఆడారని. బ్యాండేమో నపుంసకలింగం, ఏకవచనం. అంచేత బొమ్మ కిందకే వస్తది. ఆయన 'ఆడాం' అనుంటే ఈ రగడే లేదు."

వ్యాకరణం తేలింది గానీ వాస్తవం తేలలేదు. అసలక్కడ ఏం జరిగిందో చెప్పమన్నాం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తొంభైల్లో బ్రిటన్ గిటారు బ్యాండ్లు ఇంట గెలవడంలో ఏ లోటూ చేయలేదు. పత్రికల అట్టల మీద ఫొటోలు, వారానికో 'దశాబ్దపు బ్యాండు'. ఆ ఊపులో విమానం ఎక్కేవి. దిగేసరికి అమెరికాకు సొంత గిటారు కుర్రాళ్లు ఉన్నారు, గళ్ల చొక్కాలు వేసుకుని, గుండెలవిసేలా అరుస్తూ. వాళ్ల ముందు ఇంగ్లండు వాన గురించి, బస్టాపుల గురించి వెటకారంగా పాడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఒకటీ అరా బ్యాండ్లు గట్టెక్కాయి. చాలామటుకు సొంతూళ్లో మళ్లీ రాజుల్లా బతకడానికి తిరుగు విమానం ఎక్కాయి. ద్వారకానాథ్ గారి బ్యాండులో నలుగురూ ఊరూరా తిరిగే బస్సులోనే ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారట.

"ఒహాయోలో ఒక బార్లో వాయిస్తుంటే, పూల్ టేబుల్ దగ్గర వాళ్లు సౌండ్ తగ్గించమన్నారు సార్," అన్నారాయన. "ఒకాయన మాత్రం పాటయ్యాక వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మీ ఆస్ట్రేలియా యాక్సెంట్ భలే ఉందన్నాడు."

"ఆస్ట్రేలియానా?"

"మావాళ్లది మాంచెస్టర్ యాసండీ. అక్కడ చాలామందికి తేడా తెలీదు. ఏ ఊరెళ్లినా మమ్మల్ని ఆస్ట్రేలియా బ్యాండే అనుకున్నారు."

కేశవరావు గారి ముఖం వెలిగిపోయింది. ఎంత చిక్కుముడినైనా అందరికీ సమానంగా బిగించి విప్పగల పాలనాదక్షుడాయన. "అయితే మీరు లోకల్ ఆర్టిస్టేనండీ! ఈ మాట అమెరికా వాళ్లే చెప్పారు. ఇంకేం కావాలి?"

మా నియమావళిలో ఒక మినహాయింపుంది: స్థానిక కళాకారులకు అమెరికా నియమం వర్తించదు. భోజనాల నియమం వర్తిస్తుంది. అంటే బిర్యానీ మూతలు తీశాకే వాళ్లు వేదిక ఎక్కాలి. (మనిషికి ఉన్నవి రెండు చేతులే. పళ్లెం పట్టుకున్నాక చప్పట్లు కొట్టమనడం అమానుషం.) అలాగే స్థానిక కళాకారుల కుటుంబ సభ్యులు వడ్డనకు రావాలి. లిఖితకు పెరుగన్నం పడింది, హాలు చిట్టచివర.

"అంత దూరంలోనా?" అన్నారు ద్వారకానాథ్ గారు. మళ్లీ ఆయనే, "పర్లేదులెండి, స్పీకర్లున్నాయి కదా," అన్నారు.

దీపావళి వేడుక శనివారం సాయంత్రం బ్లాక్‌టౌన్‌లో ఒక హాల్లో జరిగింది. ఖాళీ అయిన ముఖ్య అతిథి స్థానాన్ని డల్లాస్ నుంచి చందు గారు వీడియోలో నింపారు. పక్షుల కూతలు ఆయన ప్రత్యేకత. కోకిల దగ్గర కనెక్షన్ ఆగిపోయి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. ఆగిపోయింది అమెరికాలో గనుక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెరకే శాలువా కప్పాం.

తర్వాత భోజనాలన్నారు. కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. ద్వారకానాథ్ గారు వేదిక ఎక్కి గిటారు తగిలించుకునేసరికి ఆయన ముందున్నవి వీపులు మాత్రమే. వానలో ఎవరి కోసమో ఎదురుచూసే మనిషి పాట అది. మొదటి చరణంలో శ్రుతి తప్పింది, తర్వాత కుదురుకుంది. నాకు చాలా నచ్చింది. నాకు నచ్చడం నిబంధనల్లో ఎక్కడా లేదు గనుక నేనూ పళ్లెం పట్టుకుని లైన్లోనే ఉన్నాను.

లైను హఠాత్తుగా ఆగిపోయింది. పెరుగన్నం దగ్గర లిఖిత గరిటె గాల్లో పట్టుకుని, వేదిక వైపు చూస్తూ నిలబడిపోయింది. వెనకనుంచి కేశవరావు గారు కేకేశారు.

"అమ్మాయ్, పెరుగన్నం! ఎంతసేపమ్మా?"

"జస్ట్ వెయిట్, అంకుల్," అంది లిఖిత తల తిప్పకుండానే. "దట్స్ మై డాడ్."

పాట అయ్యేదాకా ఆ పిల్ల ఒక్క మెతుకు వడ్డించలేదు. ఇటువంటిది మళ్లీ జరగకుండా వచ్చే ఏడాదికి స్థానిక కళాకారుల అంశాలను కార్ పార్కుకు మార్చాం. ప్రతి అంశానికీ ప్రేక్షకుల స్పందన నమోదు చేయడం నా బాధ్యత. ద్వారకానాథ్ గారి పేరుకు ఎదురుగా, 'పెరుగన్నం ఆలస్యమైంది' అని రాశాను.