ఎనిమిది రోజుల మంచి మొగుడు

నా భార్య అంజవ్వ నన్ను ఓడించి చచ్చిపోయింది. తిరిగి గెలిచే అవకాశం నాకు ఇవ్వలేదు. ఇది అన్యాయం. దీని మీద వాదన లేదు.

మాది రెంజల్ దగ్గర పల్లె. ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. అబద్ధం చెప్పడానికి ఆ చదువు చాలు. దాన్ని నిలబెట్టుకోవడానికి చాలదు.

అరవై రెండో సంవత్సరం ఎండాకాలం చివర, బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు పోవడం ఆగి మగవాళ్లంతా ఖాళీగా ఉన్నప్పుడు, హైదరాబాదు నుంచి విమలమ్మ అనే ఆమె జీపులో వచ్చింది. పల్లెల్లో కుటుంబాలు ఎట్లా బతుకుతున్నాయి, పిల్లలు ఎట్లా పెరుగుతున్నారు, ఊరికి ఏ చదువు చెబితే బాగుంటుంది అని పరిశోధన చేస్తుందట. మనిషికో కాగితం. కాగితానికి ముప్పై ప్రశ్నలు.

అదే నెలలో ఊరికి రేడియో వస్తుందని తెలిసింది. తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. ఊళ్లోని పడుచువాళ్లు, ఆడవాళ్లు కూర్చుని వ్యవసాయం, ఆరోగ్యం గురించి వినాలి. ఎవరి అరుగు మీద పెడతారో ఇంకా తేలలేదు. మా ఎదురింటి దేవిదాస్ అప్పుడే తన అరుగుకు సున్నం వేయించాడు.

నేను రెండు సంగతులనూ కలిపేశాను. ఊళ్లో మంచి కుటుంబం ఎవరిదో ఆ కాగితాలే తేలుస్తాయి, రేడియో వాళ్ల అరుగు మీదే పెడతారు. ఇది నాకెవరూ చెప్పలేదు. నాకే తోచింది. నా తెలివి మీద నాకు అప్పట్లో గౌరవం ఉండేది.

పంచాయతీ ఆఫీసులో నా వంతు వచ్చింది.

"ముత్తన్న గారూ, ఇంట్లో అందరూ కలిసి భోంచేస్తారా?"

"కలిసే తింటం మేడం. ఆమె తినకుంటే నాకు ముద్ద దిగదు."

పదహారేళ్లలో అంజవ్వ తినడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"నీళ్లెవరు తెస్తారు?"

"నేనే తెస్త. ఆడమనిషి, నడుం నొస్తది కద."

"ఏ పంట వేయాలో ఎవరు నిర్ణయిస్తారు?"

"ఆమెను అడగకుంట ఒక్క గింజ పెట్ట."

"కోపం వస్తే?"

"మెల్లగ చెప్త."

నా వెనక వరుసలో ఉన్న దేవిదాస్‌కు దగ్గు వచ్చింది. చాలాసేపు ఆగలేదు.

"పిల్లలు?"

"ఒక్కతే బిడ్డ, గంగామణి. ఏడు పాసయింది. జూన్ల నిజామాబాద్ హాస్టల్‌ల చేర్పిస్తున్న."

గంగామణిని ఇక బడికి పంపేది లేదని నేను తేల్చి నెల దాటింది. మాక్లూర్‌లో ఉండే మా అక్క హన్మవ్వ పిల్లకు అక్కడే సంబంధం చూస్తోంది.

విమలమ్మ అంతా రాసుకుని కలానికి మూత పెట్టింది. "ఇంటి ఆడవాళ్లను కూడా విడిగా ఇవే ప్రశ్నలు అడుగుతున్నాం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తాం. వచ్చే సోమవారం మళ్లీ వస్తాను."

బయటికొచ్చి పరుగులాంటి నడక అందుకున్నాను. ఇల్లు చేరేదాకా ఆగలేదు.

అంజవ్వ బియ్యం చెరుగుతోంది.

"ఏమే, సోమారం ఆ మేడం నిన్ను అడుగుతది. నేను చెప్పినట్టే చెప్పాలె."

"ఏం చెప్పినవ్?"

చెప్పాను. చాట పక్కన పెట్టింది.

"గా నీళ్లు తెచ్చే మొగడు ఎవలు? నాకెన్నడు కనవడలె."

"ఎక్కిరియ్యకు. రేడియో పోతది. దేవిదాస్ ముంగట ఇజ్జత్ పోతది."

"నేను అబద్ధం చెప్ప. సోమారం దాక నువ్వు తే, తెచ్చిండని చెప్త."

"ఊరంత చూస్తది."

"చూడని. సాక్షులుంటరు."

మర్నాడు బిందె భుజాన పెట్టుకుని బావికి పోయాను. ఆడవాళ్లంతా పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఒక ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకుని, "అంజవ్వ ఎప్పుడు పోయింది బిడ్డా?" అంది.

ఇంటికొచ్చాక కలిసి తినడానికి కూర్చున్నాం. నాకు పెట్టగా గిన్నెలో మిగిలింది చూశాను. నేను చూస్తున్నానని ఆమె గిన్నె తన వైపు తిప్పుకుంది.

"గింతేనా నీకు?"

"రోజు గింతే. నువ్వు లేచిపోయినంక తింట గన్క నీకెరుక లేదు."

ఆ రోజు నాకు నిజంగానే ముద్ద దిగలేదు. ఆ అబద్ధం ఒక్కటి ఇట్లా నిజమైంది.

మూడో రోజు పంట గురించి అడిగాను. పేరుకు అడిగాను. బావి పక్క మడిలో చెరుకే అని నేను ఎప్పుడో అనుకున్నాను.

"పసుపు పెట్టు," అంది.

"చెరుకు."

"మరి నన్నెందుకు అడిగినవ్?"

పసుపు కొమ్ములకు మనిషిని పంపాను.

అన్నిటికన్నా మెల్లగా మాట్లాడటం కష్టమైంది. నా గొంతు పొలం దాటి వినబడేది. దాన్ని తగ్గించేసరికి ఎడ్లు కూడా మాట వినడం మానేశాయి. గంగామణి భయపడి నా నుదురు ముట్టుకుని చూసింది. ఐదో రోజుకు ఊళ్లో ఒక మాట పుట్టింది. అంజవ్వ ముత్తన్నకు మందు పెట్టింది.

మా వైపు ఇది చిన్న మాట కాదు. మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకోవడానికి కూరలో ఏదో కలిపి తినిపిస్తుందని అర్థం. దాన్ని కక్కించడానికి వేరే మనుషులు ఉంటారు.

ఆదివారం పొద్దున్నే హన్మవ్వ బస్సు దిగింది. వెంట వెంకటి అనే పసరు మనిషి. వాడి చేతిలో ఆకుపచ్చ సీసా. నేను అప్పుడే బావి నుంచి వస్తున్నాను. అక్క నన్నూ, నా భుజం మీది బిందెనూ చూసి వాకిట్లో కూలబడింది.

"తమ్మీ, ఎట్లున్నోనివి ఎట్లయితివిరా."

"నాకేం కాలేదక్కా," అన్నాను మెల్లగా.

"విన్నవా వెంకటి? నా తమ్ముని గొంతేనా గిది?"

వెంకటి నా కనురెప్ప ఎత్తి చూశాడు. "పెట్టిండ్రు. పాత మందు."

ఇదంతా ఒక కాగితం కోసం చేస్తున్నానని ఒక్క మాట చెబితే చాలు. కానీ ఎదురింటి కొత్త సున్నం అరుగు మీద దేవిదాస్ కూర్చుని చూస్తున్నాడు. చెబితే ఊరికి తెలుస్తుంది, తెల్లారి మేడంకు తెలుస్తుంది. పసరు తాగాను.

ఆ పసరు గురించి రాయను. పెరట్లో గోడ పట్టుకుని వంగితే, వెనక నుంచి అంజవ్వ నా తల పట్టుకుంది. చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"ఇంకొక్కటి మిగిలింది. హాస్టల్."

"గదొక్కటి నాతోని కాదు."

"సరే. రేపు గదొక్కటి అబద్ధమని చెప్త."

"అక్క మాటిచ్చింది వాళ్లకు."

"నువ్వు మేడంకు ఇయ్యలేదా?"

మళ్లీ కడుపులోంచి తన్నుకొచ్చింది. అది ఆగాక ఇంకా ఎక్కడ బయటపడతానో అన్న భయం మిగిలింది.

"పంపిస్త," అన్నాను. "అక్కా, గా సంబంధం వద్దని చెప్పు. బిడ్డ చదువుకుంటది."

హన్మవ్వ వెంకటి వైపు తిరిగింది. "ఇంకో గిలాస పొయ్యి."

పొద్దుటి గంజి తప్ప ఏమీ బయటికి రాలేదు. మందు ఎముకల్లోకి పోయిందని, ఇక రాదని తేల్చి వెంకటి సీసా సర్దుకున్నాడు. హన్మవ్వ ఆ తర్వాత రెండేళ్లు మా గడప తొక్కలేదు.

సోమవారం విమలమ్మ వచ్చేసరికి నేను మంచం మీద ఉన్నాను. లేవబోతే వద్దంది.

"అంజవ్వను అడుగుండ్రి మేడం," అన్నాను. "అన్ని నిజమే."

"ఆమెను మొదటి రోజే అడిగామండీ. మీకంటే ముందే, బావి దగ్గర. ఇది గంగామణి హాస్టల్ దరఖాస్తు. తెచ్చిపెట్టమని ఆమె అడిగారు. ఇక్కడ సంతకం పెట్టండి." సంచిలోంచి కాగితం తీసి నవ్వింది. "పిల్లను చదివిస్తామని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఈ ఊళ్లో మీ రెండు కాగితాలు కలిసినట్టు ఎవరివీ కలవలేదు."

"మరి రేడియో మాకేనా?"

"రేడియో సంగతి నాకు తెలియదు. మా కాగితాల్లో పేర్లే ఉండవు, నంబర్లే."

సంతకం పెట్టాను. జీపు పోయాక అంజవ్వను పిలిచాను.

"అబద్ధం చెప్పనంటివి."

"ఒక్క దినం చెప్పిన. ఎనిమిది దినాలల్ల నిజం చేసిన."

"నేనేం చెప్తనో ముందే నీకెట్ల ఎరుక?"

"పదహారేండ్లాయె. పరాయోళ్ల ముంగట నువ్వెంత మంచోనివో నాకెరుక లేదా?"

చాట తీసుకుని లోపలికి పోయింది.

జూన్‌లో గంగామణి నిజామాబాద్ పోయింది. జూలైలో రేడియో మా అరుగు మీదికే వచ్చింది. నా వల్ల కాదు. ఊళ్లో ఆడవాళ్లు సంఘం పెట్టుకుని అంజవ్వ ఇల్లు కావాలన్నారట. పెట్టె తాళంచెవి ఆమె నడుముకే ఉండేది. దేవిదాస్ రోజూ వచ్చి ఆమెను అడిగి కూర్చునేవాడు. నేనూ అడిగే కూర్చునేవాణ్ణి.

ఐదేళ్లకు అంజవ్వ కామెర్లు వచ్చి పోయింది. తాళంచెవి నా మొలతాడుకు వచ్చింది. రేడియో అప్పటికే మూగబోయింది.

గంగామణి ఇప్పుడు ముప్కాల్ వైపు గ్రామసేవిక. పోయిన నెల వచ్చినప్పుడు సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఇంటింటికీ తిరిగి అడుగుతోందట, మన ఇల్లు కూడా లెక్కలోకి వస్తుందట.

"నీళ్లెవలు తెస్తరు బాపూ?"

"నేనే."

"పంట ఎవలిని అడిగి పెడ్తవు?"

"పసుపే. అడుగుడు లేదు."

"అన్నం ఎవలితోని కలిసి తింటవు?"

కాగితం మడిచి సంచిలో పెట్టుకోమన్నాను. పెట్టుకుంది.

ఒక్కసారి రాశాను. ఇక ఈ సంగతి నా బిడ్డ అడిగినా చెప్పను.