ఎలుగు భీమన్న అతికించిన 'ఎ'

ఒక పెద్ద అడవిలో బడి చిన్నదే గానీ, దాని గుమ్మం దగ్గర తల్లిదండ్రుల తోపులాట మాత్రం తిరనాళ్ళలా ఉండేది.

దీనికంతటికీ కారణం ఏటి అవతల మొసలి గారి రెసిడెన్షియల్ స్కూలు. అక్కడ సీటంటే అడవి మొత్తం పడి చచ్చేది. "చేరిన పిల్లలు సెలవులకు కూడా ఇంటికి రారట! అంత శ్రద్ధగా చదివిస్తారట!" అని కోతి రత్తాలు కనబడ్డవాళ్ళందరికీ చెప్పేది. ఎందుకు రారో అడిగే తీరిక ఎవరికీ లేదు. నాకైతే ఒళ్ళు మండుతుంది గానీ, నా మాట ఎవరు వింటారు?

'ఎ' అక్షరం వచ్చినవాళ్ళకే సీటని కబురొచ్చింది. పరీక్షించడానికి రాబందు గారు వస్తారట. మొసలి గారింట్లో ఏ విందు జరిగినా ఆయన అక్కడే ఉంటారు.

బడిలో దుప్పి పంతులమ్మ ఒక్కో పిల్లకి 'ఎ' గీసిన టేకాకు, గుప్పెడు చింతపిక్కలు, కాస్త తుమ్మజిగురు ఇచ్చి పంపింది.

"గీత వెంట పిక్కలు అతికించాలి. పిల్లలే చెయ్యాలండీ. వంకరగా వస్తే రానివ్వండి, చేత్తో చేస్తేనే అక్షరం పట్టుబడుతుంది," అని పెద్దలకు మరీమరీ చెప్పింది.

వంకరగా వస్తే సీటు పోయినట్టే అనుకున్నాడు ఎలుగు భీమన్న. ఇంటికెళ్ళగానే అతని కొడుకు, పేరు గుండు, ఒక పిక్క తీయబోయాడు.

"ముట్టుకోకు!" అని కసిరాడు భీమన్న.

తనే చతికిలబడి పిక్కలన్నీ అతికించాడు. చుట్టూ తేనెపట్టుతో అంచు కూడా కట్టాడు. గుండు దగ్గరికి జరిగినప్పుడల్లా "ముట్టుకోకు!" పాపం, వాడు పొద్దంతా గోడకి చేరబడి చూస్తూ కూర్చున్నాడు.

ఆ అంచు సంగతి తెలిసి రత్తాలు తీగలతో ఊగే 'ఎ' కట్టింది. ఆ ఇంట్లోనూ అదే అరుపు. ఆ రోజు అడవిలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ అదే అరుపు.

రాబందు గారు వచ్చారు. ఆకులన్నీ చూసి, గుండుని పిలిచారు.

"బాబూ, ఈ అక్షరం పేరేమిటి?"

గుండు చేతులు కట్టుకున్నాడు. "ముట్టుకోకు అండీ."

"ఏమిటీ?"

"దీని పేరు ముట్టుకోకు అండీ. మా నాన్న చేసినంతసేపూ అలాగే చదివాడు."

"అవునండీ! ముట్టుకోకు!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

భీమన్న తల బాదుకున్నాడు. "ఒరేయ్, 'ఎ' రా! ఇలా తిప్పి, ఇలా వంచి..." అంటూ గాల్లో రాసి చూపించాడు. రత్తాలు తోకతో ఇంకా గుండ్రంగా రాసింది. మిగతా పెద్దలూ తగ్గలేదు.

రాబందు గారు పెద్దలను కిందనుంచి పైదాకా చూశారు. పిల్లలకన్నా బాగా కండపట్టి ఉన్నారు.

"అక్షరం వచ్చినవాళ్ళకే సీటు. రూలు రూలే. తల్లిదండ్రులంతా రేపు పెట్టెలు సర్దుకుని రండి."

"మేమా?" అన్నాడు భీమన్న.

"వచ్చిన సీటు వదులుకుంటే పరువేం కాను, బావగారూ!" అంది రత్తాలు. ఆ మాటతో అందరూ పెట్టెలు సర్దుకోవడానికి పరుగెత్తారు.

మర్నాడు పచ్చడి జాడీలతో పెద్దలు ఏరు దాటారు. "వెళ్ళకండీ!" అని పంతులమ్మ గొంతు పోయేలా అరిచినా ఒక్కరూ వెనక్కి తిరగలేదు. అవతలి గట్టున మొసలి గారు నోరంతా తెరిచి స్వాగతం పలికారు.

"ముట్టుకోకు! ముట్టుకోకు!"

భీమన్న కేక ఏటి ఇవతలికి వినబడింది. గుండు ఆనందం పట్టలేక గంతులేశాడు.

"పంతులమ్మా! మా నాన్న అప్పుడే పాఠం మొదలెట్టేశాడు!"

కంగారు పడకండి, అందరూ ఎలాగో ఈదుకుంటూ తిరిగొచ్చి పడ్డారు. రత్తాలు తోక మాత్రం సగమే వచ్చింది. ఆ సాయంత్రం గుండు వంకరటింకరగా పిక్కలు అతికిస్తుంటే, భీమన్న చేతులు వెనక్కి కట్టుకుని పక్కనే కూర్చున్నాడు గానీ ఒక్కటీ ముట్టుకోలేదు.

నీతి: పిల్లల హోంవర్కు పెద్దలే చెయ్యాలి, పిల్లలు పదికాలాలు చల్లగా ఉంటారు.