ఆరువందలమందికి ఒక ఇల్లు

ఆ ఉదయం మువస్సర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తాష్కెంటు ఆర్కిటెక్చర్ కాలేజీలో డీన్ ముందు పావుగంటలో కంప్యూటర్‌మీద ఒక ఇల్లు గీసి చూపించి, సరే అనిపించుకోవాలి. ఇళ్ళు గీసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏళ్ళకేళ్ళు పనిచేసి, పిల్లలకు అదే నేర్పాలన్న మోజుతో ఉద్యోగం వదిలి వచ్చిందామె. డీన్ కాదంటే ఆ పాఠమే ఉండదు. కాదనిపించడానికి పెద్ద పంతులు బఖ్రిద్దీన్ దొమ్లా ముందు వరసలోనే కూర్చున్నాడు. చేత్తో గీయనిది ఆయన దృష్టిలో గీతే కాదు. పైగా డీన్ తోహిర్ ఆయన పాత శిష్యుడు.

ముసలాయనను మంచి చేసుకుందామని, "దొమ్లా, మీ ఇల్లే గీద్దాం. ఎంతమందికి?" అంది మువస్సర్.

"ఏడుగురం."

ఏడు అని కొట్టగానే తెరమీద ముచ్చటైన ఇల్లు లేచింది, నడుమ ద్రాక్షపందిరితో సహా. అక్కడితో ఆపేస్తే ఎంతో బాగుండేది.

"వచ్చే నెల మీ మనవరాలి పెళ్ళి కదా, పొద్దుటి పలావు విందుకి ఎవర్నీ పిలవట్లేదా?" అన్నాడు డీన్ నవ్వుతూ.

దొమ్లా మొహం కందగడ్డలా అయింది. "పిలవకపోవడమేంటి! నాలుగొందలమంది. రాయమ్మాయ్!"

మొహమాటపడి రాసింది. ఆ యంత్రానికి పెళ్ళి సంగతేం తెలుసు? నాలుగువందలమందీ అక్కడే కాపురం ఉంటారనుకుంది. మనుషులు పెరిగితే ఇల్లు దానంతటదే పెరిగే ఏర్పాటు కంపెనీలో చేసిందీ మువస్సరే. ఇల్లు నాలుగంతస్తులైంది. మంటలు రేగితే దిగే మెట్లు మొలిచాయి, మరుగుదొడ్లు వరస కట్టాయి.

"మా అబ్బాయి పెళ్ళికి ఐదొందలొచ్చారు," అన్నాడు డీన్ ఊరుకోకుండా.

"అయితే మాకు ఆరొందలు!"

కార్లు నిలిపే చోటు ద్రాక్షపందిరిని మింగేసి పక్కింటి గోడ దాటింది. మువస్సర్‌కు ముచ్చెమటలు పట్టాయి. "ఇది ఇంట్లో ఉండేవాళ్ళ లెక్క, దొమ్లా. మళ్ళీ ఏడు పెట్టేస్తా."

"పిలిచినవాణ్ణి రావద్దంటావా?" దొమ్లా ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "మా ఇంటా వంటా లేదు!"

కంప్యూటర్ కాసేపు గుర్రుమని ఆగిపోయింది. ఇక మూటాముల్లె సర్దుకోవడమే అనుకుంది మువస్సర్, కళ్ళు చెమరుస్తుండగా.

దొమ్లా లేచి, కళ్ళజోడు సవరించుకుని, తెరమీద నిలిచిపోయిన ఆ మహాభవనాన్ని ఎగాదిగా చూశాడు. ఉన్నట్టుండి బొజ్జ కదిలేలా నవ్వాడు.

"నలభై ఏళ్ళుగా మా ఆవిడ మొత్తుకుంటోంది, ఇంతమందిని పిలవకయ్యా, ఇల్లు చాలదని. చాలుతుందని నేను గీసి చూపిస్తూ వచ్చా. మొహమాటం లేకుండా నిజం చెప్పింది ఇదొక్కటేరా, తోహిర్! పిల్లలకి నేర్పాల్సిందే. ముందు నాకు నేర్పాలి."

డీన్ అక్కడికక్కడే సరేనన్నాడు. మువస్సర్‌కు ఆనందం పట్టలేక నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

దొమ్లా మొదటి బెంచీలో కూర్చుని అంతా శ్రద్ధగా నేర్చుకున్నాడు. పెళ్ళికి ఎనిమిది వందలమందిని పిలిచాడు.