నిమ్మకాయ నిలవని ఇల్లు

మా మెక్సికో నగరం భూమిలోకి కుంగిపోతోందని దిగులుపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాఠక మహాశయులారా, పైకి ఎదగాలని ఏ నగరమైనా చూస్తుంది. అందులో గొప్పేముంది? ఏటా జానెడు చొప్పున వినయంగా కిందికి దిగే రాజధానులు ఎన్ని ఉన్నాయో చెప్పండి!

ఇదంతా పెద్దల చలవ. మొదటివాళ్ళు సరస్సు నడుమ ఊరు కట్టారు. తర్వాత వచ్చిన స్పెయిన్ దొరలు ఆ సరస్సును ఎండగట్టి బురద మీద చర్చిలు లేపారు. ఇక మేము బురద కింద మిగిలిన నీళ్ళకు బోర్లు వేశాం. కాళ్ళ కింది నేలను తామే తాగేసి, ఇల్లెందుకు ఒరిగిందబ్బా అని ఆశ్చర్యపోయే అమాయకత్వం ఇంకెవరికుంది?

లాభాలు చూడండి. నడిబొడ్డున ఉన్న స్వాతంత్ర్య స్తంభం చుట్టూ నేల దిగిపోయి, పద్నాలుగు మెట్లు అదనంగా కట్టాల్సి వచ్చింది. దాని మీది బంగారు దేవత కాలు కదపకుండానే ఎత్తు పెరిగింది!

మా ఇస్తపలాపా పేటలో సుఖం మరీ ఎక్కువ. ఇల్లు కడిగితే నీళ్ళు వాటంతటవే వీధిలోకి పోతాయి. ఫుట్‌బాల్‌లో పల్లం వైపు గోలు కొట్టే జట్టుకు ఆట రానక్కర్లేదు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు గదులు లెక్కపెట్టరు, జేబులోంచి నిమ్మకాయ తీసి బల్ల మీద పెడతారు. అది దొర్లే తీరును బట్టి బేరం.

మొక్కజొన్న పిండిని ఆవిరి మీద ఉడికించి తమాలెలు చేసి అమ్ముకునే మా పక్కింటి దోన్యా ఒతీలియా ఇంట్లో పెడితే, నిమ్మకాయ బల్ల దిగి, గది దాటి, గడప కూడా దాటుతుంది. ఆవిడ గోడ పగులు మీద ఇంజినీర్లు సున్నపు పట్టీ అతికించి తేదీ వేశారు. పట్టీ చిట్లితే గోడ కదిలినట్టు. చిట్లింది. మరోటి వేశారు. నిరుటికే పదకొండు. వైద్యమంటే అంతే, మళ్ళీ తేదీ వేయడం.

నిరుడు మా వీధి చివర కొత్త బోరు వేస్తామని నీళ్ళ ఆఫీసువాళ్ళు వచ్చారు. వీధంతా సంతకాలు పెట్టాలట, ఇంటింటికీ కాగితం తిప్పే పని నాకు అప్పగించారు. నేల ఇంకాస్త దిగుతుందని ఇంజినీరు దాచకుండానే చెప్పాడు. కుళాయిలో వారానికి ఒక్కరోజే నీళ్ళొచ్చే వాళ్ళం, అయినా అందరం వెనకాడాం. బోరుకు అందరికన్నా దగ్గరున్నది ఒతీలియా ఇల్లే. కాగితం పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడ్డందుకు నాకు నిజంగా సిగ్గేసింది.

ఆవిడ పిండి చేతులు తుడుచుకుని అందరికన్నా ముందు సంతకం పెట్టింది.

"నీళ్ళు లేని ఇల్లు నిటారుగా ఉంటే ఏం చేసుకోను నాయనా? గోడని పిసికి తమాలెలు చెయ్యనా?"

బోరు పడింది. నీళ్ళూ పడ్డాయి. లావుపాటి పైపొకటి మా వీధి మీదుగా పోయి, కొండ రాయి మీద కట్టిన కొత్త అపార్ట్‌మెంట్లకు ఎక్కింది. రాయి కుంగదు కదా. అక్కడ ఈతకొలను కూడా ఉందట. మాకు మాత్రం ఆ ఒక్కరోజే. నెల తిరక్కుండా పన్నెండో పట్టీ చిట్లింది. ఆవిడ తలుపు మీద పసుపు కాగితం అతికించారు, ఎనిమిది రోజుల్లో ఖాళీ చేయాలని.

ఆవిణ్ణి తీసుకుని ఆఫీసుకు వెళ్ళాను. ఆ ఆఫీసూ కొండ మీదే. అధికారి మర్యాదస్తుడు, మాకు కుర్చీలు వేయించాడు.

"కుంగడం మీ ఒక్కరికేనా అమ్మా? నగరమంతా కుంగుతోంది. అందరం సర్దుకుపోవాలి కదండీ," అన్నాడు.

ఆవిడ సంచిలోంచి నిమ్మకాయ తీసి ఆయన బల్ల మీద పెట్టింది. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. అది కదల్లేదు.

"ఇది ఇక్కడే ఉండనీ బాబూ," అంది లేస్తూ. "దొర్లిన రోజు కబురు చెయ్యి. అప్పుడు సర్దుకుంటాను."

ఆవిడ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. ఆవిడ మంచం కింద ఒకవైపు రెండిటుకలు పెట్టాను. కుంగడం భాగ్యమనే నేను ఇప్పటికీ అంటాను. అంత భాగ్యం మా ఒక్క పేటకే ఎందుకని మాత్రమే నా విన్నపం.

రెండు నెలలైంది. కొండ మీంచి కబురు రాలేదు.