మళ్ళీ బిగించాలి

గురువారం పొద్దున ఏడింటికి నరసరావుపేటలో బయల్దేరాలి, తొమ్మిదికల్లా అద్దంకి చేరాలి, బావమరిది ఎలీషా కొత్తింటి ప్రార్థనలో ముందు వరసలో కూర్చోవాలి. జక్రయ్య మేస్టారి ప్రణాళిక ఇదీ. బస్సెక్కేవాళ్ళకి ఇదేం పెద్ద విషయం కాదు. మేస్టారు తన కారులో వెళ్తున్నారు.

ఆ కారుకి ఇరవై ఎనిమిదేళ్ళు. వారం రోజులుగా దానికి జబ్బు చేసింది. లైట్లు వేస్తే మిణుకుమంటాయి, హారన్ కొడితే మూలుగుతుంది, న్యూట్రల్‌లో పెడితే ఐడ్లింగ్ పడిపోయి గజగజా వణుకుతుంది. మేస్టారు ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పిన మనిషి. కనుక మెకానిక్కుకి చూపించకుండా కారు పనులు రాసుకునే నోటుబుక్కు తీసి, రోజుకో భాగం విప్పి, చూసి, బిగించి, ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. ప్లగ్గులు బాగున్నాయి, టిక్కు. కార్బురేటర్ బాగుంది, టిక్కు. అన్నీ బాగానే ఉన్నాయి, కారు తప్ప.

"ఇంజన్ దానంతటది దారిలో ఒక్కసారి ఆగిపోయిందంటే సోమవారం అష్రఫ్‌ని పిలిచి ఇచ్చేస్తాను" అంది ఆయన భార్య రెబ్కా, కారెక్కుతూనే. అష్రఫ్ పాత ఇనుము కొంటాడు. రెండుసార్లు వచ్చి కారుని తట్టి చూసి కూడా వెళ్ళాడు.

ఆ కారు కొన్నాకే ఊళ్ళో 'సైకిల్ మేస్టారు' కాస్తా 'కారు మేస్టారు' అయ్యారు. అది పోతే మళ్ళీ ఏమవుతారో ఆయనకి తెలుసు.

"ఆగదు. కరెంటు పొదుపుగా వాడితే చాలు. ఫ్యాను వద్దు, లైట్లు వద్దు, హారన్ అసలొద్దు" అన్నారు.

ఊరు దాటగానే గేదెల మంద అడ్డొచ్చింది. మేస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి "పీప్! పీప్!" అని అరిచారు. గేదెలు వినలేదు.

"హారన్ లేదా మేస్టారూ?" అని అడిగాడు కాపరి.

"ఉంది. వాడట్లేదు!"

సంతమాగులూరు దాకా అలా అరుస్తూనే వెళ్ళారు. అక్కడ మిరప బస్తాలతో వెళ్తున్న ట్రాక్టరొకటి రోడ్డుకి అడ్డం తిరిగి ఇరుక్కుంది. బళ్ళన్నీ నిలిచిపోయాయి. ఇంజన్ ఆగకూడదని మేస్టారు పావుగంట ఎక్సలేటర్ తొక్కుతూ కూర్చున్నారు. ఇంజన్ వేడెక్కింది. లోపలికి ఏదో ఘాటు వచ్చింది. మేస్టారు తుమ్మారు. రెబ్కా రెండుసార్లు తుమ్మింది.

"వైరు కాలుతోంది!" అన్నారు మేస్టారు.

"వైరు కాలితే తుమ్ములొస్తాయా అండీ?" అంది రెబ్కా, ఎందుకో కిటికీ వైపు చూస్తూ.

పక్కనే అల్లాబక్షు మెకానిక్ షెడ్డుంది. కారుని మెల్లగా అక్కడికి మళ్ళించి, రెబ్కాని డ్రైవర్ సీట్లోకి మార్చి, "కాలు తియ్యొద్దు" అని హెచ్చరించి దిగారు మేస్టారు. అల్లాబక్షు బానెట్ ఎత్తాడు, నాలుగు తుమ్ములు తుమ్మాడు. టీ కొట్టు దగ్గరున్న మిరప రైతు వెంకయ్య లేచొచ్చి గాలి పీల్చాడు.

"మేస్టారూ, మీ బండిలో తేజ మిరపకాయ మాడుతోందండీ. సరుకు మంచిదే!"

బ్యాటరీ మీద కప్పి ఉన్న మసిగుడ్డ తీస్తే, ముతక గుడ్డపీలికతో బిగించి కట్టిన మిరపకాయల మూట కనిపించింది.

"ఇది చేతబడేనండీ. బండి మీద ఎవరికో కన్నుంది" అన్నాడు వెంకయ్య.

మేస్టారు చేతబడిని నమ్మరు. అష్రఫ్‌కి కన్నుందని మాత్రం వెంటనే నమ్మారు. ఫోన్ తీసి చెడామడా తిట్టారు.

"మేస్టారూ, నేను ఇనుము కొంటానండీ, మిరపకాయలు కాదు" అన్నాడు అష్రఫ్, ఏమీ అర్థంకాక.

"అతన్నెందుకు తిడతారు? వారం కిందట నేనే కట్టాను" అంది రెబ్కా సీట్లోంచి. "ఎలకలొచ్చి తీగలు కొరుకుతున్నాయి. మిరపకాయలు కడితే రావని చర్చిలో శాంతక్క చెప్పింది. తీగలు కూడా లేకపోతే అష్రఫ్ మాత్రం ఎందుకు కొంటాడు?"

మేస్టారి ముఖం వెలిగిపోయింది. వారం రోజుల పరిశోధనకి ఫలితం దొరికింది! జబ్బు కారుది కాదు, భార్యది.

"చూశారా! కారణం ఇదీ!" అంటూ మూటని ఒక్క గుంజు గుంజారు.

ఇంజన్ ఆగిపోయింది.

రెబ్కా తాళం తిప్పి చూసింది. టిక్కుమని కూడా అనలేదు.

"నా కాలు ఎక్సలేటర్ మీదే ఉంది. నన్ననకండి" అంది.

అల్లాబక్షు వంగి చూసి, బ్యాటరీ టెర్మినల్‌ని వేలితో పట్టి ఎత్తాడు. అది చేతిలోకొచ్చింది.

"ఈ నట్టు పూర్తిగా వదులుందండీ. ఇన్నాళ్ళూ అమ్మగారి ముడే పట్టి ఉంచింది. ముడి లేకపోతే మీరు ఊరు కూడా దాటేవాళ్ళు కాదు. దీన్ని వదులు చేసిందెవరండీ?"

రెబ్కా సీటు పక్కనున్న మేస్టారి నోటుబుక్కు తెరిచింది. జబ్బు పోయిన గురువారం మొదలైంది కనుక మేస్టారు గురువారం నుంచే చూసుకుంటున్నారు. ఆమె ఒక పేజీ వెనక్కి తిప్పి పైకి చదివింది.

"బుధవారం. బ్యాటరీ టెర్మినల్ విప్పి వేణ్ణీళ్ళతో శుభ్రం చేయడమైనది. మళ్ళీ బిగించాలి."

టిక్కు లేదు.

అల్లాబక్షు స్పానర్‌తో నట్టు బిగించడానికి అర నిమిషం పట్టింది. కారు ఒక్క సెల్ఫుకే లేచింది. వణుకు లేదు. హారన్ కొడితే వెంకయ్య ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాడు. మేస్టారు మాత్రం తలెత్తలేదు.

"ఆగిపోయింది కదా. అష్రఫ్‌కి చెప్పు" అన్నారు చిన్న గొంతుతో.

రెబ్కా ఆయన ముఖం చూసింది. ఆమెకి జాలేసింది, కోపం మాత్రం పోలేదు.

"దానంతటది ఆగితే కదా ఇచ్చేస్తానన్నాను. అది ఆగలేదు, మీరు ఆపారు. కారు ఉంటుంది. ఎక్కండి, ప్రార్థన అయిపోతుంది."

సోమవారం అష్రఫ్ తిట్లకి సంజాయిషీ అడుగుదామని వచ్చాడు. రెబ్కా అతన్ని ఉత్త చేతులతో పంపలేదు, కారు బదులు మేస్టారి నోటుబుక్కు ఇచ్చి పంపింది.